చెంచయ్యకో నీతి, సింగుకో నీతి

"వాళ్ళ వెనక విదేశీ హస్తం ఉందండీ." పెదకూరపాడు రైల్వే స్టేషన్లో గుంటూరు బండి కోసం కూర్చున్న పెద్దమనిషీ ఈ మాటే అంటాడు, డల్లాసులో ఉద్యోగం చేసుకుంటున్న ఆయన కుమారుడూ ఈ మాటే అంటాడు. కెనడా సిక్కుల ప్రస్తావన వస్తే చాలు, ఈ ఒక్క వాక్యంతో చర్చ ముగిసిపోతుంది. ఎవరి హస్తం? ఏ ఆధారంతో అంటున్నారు? ఆ హస్తమే లేకపోతే ఆ మనుషులకు చెప్పుకోవలసిన బాధ ఏదీ లేదా? ఈ ప్రశ్నలు వేసినవాడు ద్రోహుల పక్షాన చేరినట్టే లెక్క.

ఆ వాక్యం పూర్తిగా అబద్ధమని నేననను. పరాయి ప్రభుత్వాలు ప్రవాసుల వ్యవహారాల్లో వేలు పెట్టడం వందేళ్ళ పైబడిన సంగతి. నా అభ్యంతరం రెండు విషయాల మీద. వేలు పెట్టిన ప్రభుత్వాన్ని వదిలేసి, ఆ సమాజాన్ని మొత్తంగా బోనెక్కించడం ఒకటి. సిక్కులను కొలిచిన కొలబద్దతో మనల్ని మనం ఎన్నడూ కొలుచుకోకపోవడం రెండోది.

ముందుగా మన చెంచయ్యగారి సంగతి చూద్దాం. దరిశి చెంచయ్య 1890లో కనిగిరిలో పుట్టాడు. 1912లో చదువు కోసం అమెరికా వెళ్ళి బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడే గదర్ పార్టీలో కలిశాడు. ఆ పార్టీ 1913లో పుట్టింది. దానికి అధ్యక్షుడు సోహన్ సింగ్ భక్నా, ప్రధాన సూత్రధారి లాలా హరదయాళ్. సభ్యుల్లో అత్యధికులు కలప మిల్లుల్లోనూ పొలాల్లోనూ కాయకష్టం చేసుకునే పంజాబీలు, వారిలోనూ సిక్కులే ఎక్కువ. వారి మధ్య మన తెలుగువాడు ఒకడు. విప్లవ ప్రయత్నం మీద సియాం దేశం వెళ్ళి, 1915లో అక్కడ పట్టుబడి, కొన్నేళ్ళు జైళ్ళలో గడిపాడు. ఆ అనుభవాలన్నీ 'నేనూ నా దేశం' అనే ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన పేరు చెబితే ఈనాటికీ మనం ఛాతీ విరుచుకుంటాం. విరుచుకోవలసిందే.

అయితే ఆ పార్టీ వెనక విదేశీ హస్తం లేదా? నిక్షేపంలా ఉంది. 1914లో యుద్ధం మొదలవగానే జర్మనీ విదేశాంగ శాఖ అండతో బెర్లిన్ కమిటీ ఏర్పడింది. జర్మనీ సొమ్ముతో ఆయుధాలు కొన్నారు. వాటిని 'యానీ లార్సెన్' అనే ఓడకెక్కించి, నడిసముద్రంలో 'మావెరిక్' అనే మరో ఓడకు మార్చాలని పథకం వేశారు. ఆ రెండు ఓడలూ కలుసుకోనే లేదు. 1917 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన విచారణలో గదర్ సభ్యులతో పాటు అక్కడి జర్మన్ కాన్సల్ కూడా ముద్దాయిగా నిలబడ్డాడు. ఆనాటి ఆంగ్ల ప్రభుత్వపు కళ్ళకు చెంచయ్య స్వాతంత్ర్య వీరుడు కాదు, కైజరు చేతిలో కీలుబొమ్మ.

ఆ బొమ్మ కథలో దాచిపెట్టిన సగం ఒకటుంది. జర్మనీ పైసా అందడానికి ఏళ్ళ ముందే, 1907 సెప్టెంబరు 4న, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్లవారి మూక భారతీయ కూలీలను కొట్టి ఊరు వెళ్ళగొట్టింది. 1908లో కెనడా, సొంత దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో వచ్చినవారికే ప్రవేశమని నిబంధన పెట్టింది. భారతదేశం నుంచి ఆ విధంగా రావడానికి దారే లేకుండా చూసింది. 1914 మే 23న 376 మందితో వాంకూవర్ చేరిన కొమగాటా మారు ఓడ రెండు నెలలు రేవులోనే నిలిచి, జూలై 23న వెనుదిరిగింది. సెప్టెంబరు 29న బెంగాలు తీరంలోని బజ్ బజ్ దగ్గర ఆ ప్రయాణికుల మీద కాల్పులు జరిగాయి. గాయం ముందు, జర్మనీ తరువాత. గాయాన్ని జర్మనీ చేయలేదు, వాడుకోజూసింది. ఈ వరస మరచినవాడికి ప్రవాస రాజకీయం ఏదీ అర్థం కాదు.

వాడుకోవడం వల్ల ఎవరికి నష్టం కలిగిందో కూడా చూడాలి. వాంకూవర్‌లో హాప్కిన్సన్ అనే వలస శాఖాధికారి ఉండేవాడు. పూర్వం కలకత్తా పోలీసుల్లో పనిచేసినవాడు. కెనడా జీతమూ పుచ్చుకున్నాడు, లండన్‌లోని ఇండియా ఆఫీసు సొమ్మూ పుచ్చుకున్నాడు. అతను కాలిఫోర్నియా దాకా వెళ్ళి హరదయాళ్ కదలికలు కనిపెట్టాడు. సిక్కుల్లోనే వేగులను పెట్టుకున్నాడు. అతని వేగు బేలా సింగ్ 1914 సెప్టెంబరు 5న గురుద్వారాలోనే తుపాకి పేల్చి ఇద్దరిని చంపాడు. అక్టోబరు 21న న్యాయస్థానం ఆవరణలో మేవా సింగ్ హాప్కిన్సన్‌ను కాల్చి చంపాడు. 1915 జనవరి 11న మేవా సింగ్ ఉరికంబమెక్కాడు.

ఇది శత్రు ప్రభుత్వం చేసిన పని. మిత్ర ప్రభుత్వం చేసిన మేలు ఇంతకంటె గొప్పదేమీ కాదు. జర్మనీ సొమ్ము వచ్చాక గదర్ పార్టీ నిలువునా చీలింది. లెక్కలు అడిగేవారూ, లెక్కలు చెప్పనివారూ తయారయ్యారు. 1918 ఏప్రిల్ 23న, విచారణ చివరిరోజున, న్యాయస్థానంలోనే రామ్ సింగ్ తన తోటి ముద్దాయి రామచంద్రను కాల్చాడు. మార్షల్ ఒకడు రామ్ సింగ్‌ను కాల్చాడు. రూపాయి రూపాయి చందా వేసుకున్న కూలీలు నిర్మించుకున్న పార్టీకి, ఖజానా నుంచి సొమ్ము రావడంతో ఆ గతి పట్టింది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1984 జూన్‌లో స్వర్ణదేవాలయంలోకి సైన్యం వెళ్ళింది. నవంబరులో ఢిల్లీ వీధుల్లో సిక్కుల ఊచకోత జరిగింది. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కలోనే, ఒక్క ఢిల్లీలోనే, 2,733 మంది చనిపోయారు. గాయం ఇది. దాన్ని వాడుకోవడానికి పాకిస్తాన్ సిద్ధంగానే ఉంది. ఖలిస్తాన్ ముఠాల నాయకులకు అక్కడ ఆశ్రయం దొరికిందనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. ఖలిస్తాన్ కమాండో ఫోర్స్ నాయకుడు పంజ్వర్ 2023 మే 6న హతుడైంది లాహోరు నగరంలో. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానాన్ని పేల్చివేసి 329 మందిని పొట్టనబెట్టుకున్నది కెనడా గడ్డ మీద పథకం వేసిన ఉగ్రవాదులు. ఆ కేసులో శిక్ష పడ్డది ఒకే ఒక్కడికి. ఖలిస్తాన్ వాదుల దౌర్జన్యాన్ని ఎదిరించి రాసిన సిక్కు పత్రికా సంపాదకుడు తారా సింగ్ హేయర్ 1998 నవంబరు 18న సర్రేలో హత్యకు గురయ్యాడు. హంతకులకు పూలదండలు వేసే ఊరేగింపులను నేను సమర్థించను. గదర్ వీరులకూ వీరికీ ఆశయంలో పోలిక లేదు. నేను పోలుస్తున్నది మనం తీర్పు చెప్పే తీరును.

ఆ తీరులోని లోపం ఇది. కెనడా పౌరుడైన సిక్కుకు "విదేశీ ప్రభుత్వం" అంటే ఇస్లామాబాదు ఒక్కటే కాదు, ఢిల్లీ కూడా. విదేశాల్లోని సిక్కుల పేర్లతో మన ప్రభుత్వం దశాబ్దాల పాటు ఒక నల్లజాబితా నడిపింది. అందులో పేరుంటే సొంత ఊరికి రావడానికి వీసా లేదు, తల్లి చనిపోయినా దారి లేదు. 2019 సెప్టెంబరులో 312 పేర్లు తీసివేసి రెండు మిగిల్చారు. 312 పేర్లు ఒక్కసారిగా తీసివేయగలిగారంటే, అన్నేళ్ళూ వాటిని అక్కడ ఉంచిన అవసరమేమిటని మనలో ఎందరు అడిగాం? 2023 జూన్ 18న సర్రేలో గురుద్వారా వాకిట హర్‌దీప్ సింగ్ నిజ్జర్ హత్య జరిగింది. సెప్టెంబరులో కెనడా ప్రధాని ట్రూడో భారత ప్రభుత్వాన్ని వేలెత్తి చూపాడు; మన ప్రభుత్వం ఖండించింది. అమెరికా న్యాయశాఖ మాత్రం మరో సిక్కు నాయకుడి మీద హత్యాప్రయత్నం కేసులో 2023లో ఒక భారతీయుడి మీదా, 2024లో ఒక మాజీ ప్రభుత్వోద్యోగి మీదా అభియోగాలు మోపింది. కెనడాలో జస్టిస్ హోగ్ విచారణ సంఘం 2025 జనవరిలో ఇచ్చిన నివేదిక, అక్కడి ఎన్నికల్లో జోక్యం చేసుకునే దేశాల్లో చైనా తరువాతి స్థానం భారతదేశానిదేనని చెప్పింది. ఈ ఆరోపణలన్నిటినీ నమ్మమని నేననను. "విదేశీ హస్తం" అనే మాటను ఎదుటివాడి మీద ప్రయోగించేటప్పుడు సాక్ష్యం అడగనివాడు, ఆ మాట తన మీదికి వచ్చేసరికి సాక్ష్యం ఏదని గద్దించడం న్యాయమా అని మాత్రమే అడుగుతున్నాను.

"అయినా మనకెందుకండీ సిక్కుల గొడవ? మన తెలుగువాళ్ళు వేర్పాటు అడగలేదు, బాంబులు పెట్టలేదు" అనేవారున్నారు. నిజమే, పెట్టలేదు. కానీ ప్రభుత్వాల చెయ్యి బాంబుల కోసమే చాపదు. చాలాసార్లు సన్మానపు శాలువాతో వస్తుంది.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పల్నాటి బిడ్డకు, చట్టం దృష్టిలో, అమరావతిలో ఉన్నదీ ఢిల్లీలో ఉన్నదీ విదేశీ ప్రభుత్వాలే. 1977లో పుట్టిన తానాను తీసుకోండి, తరువాత వచ్చిన ఆటాను తీసుకోండి, మహాసభల వేదిక మీద ఇక్కడి మంత్రులూ శాసనసభ్యులూ లేని సందర్భం అరుదు. ప్రవాసాంధ్రుల సేవకని రాష్ట్ర ప్రభుత్వం ఏపీఎన్నార్టీ సొసైటీ నడుపుతోంది. 2019లో ప్రభుత్వం మారితే దాని అధ్యక్షుడూ మారాడు, 2024లో మళ్ళీ మారితే మళ్ళీ మారాడు. సేవకు పార్టీ రంగు ఎందుకో ఎవరూ అడగరు. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబునాయుడు అరెస్టయినప్పుడు అమెరికా నగరాల్లో మనవాళ్ళు ప్రదర్శనలు చేశారు. అది వారి హక్కు. అదే హక్కును వాడుకుని ఒక సిక్కు తన ప్రదర్శనలో తన నినాదం ఇస్తే, అది మాత్రం ఎవరో డబ్బిచ్చి చేయించిన పని అవుతుంది.

శాలువా వెనక ఉన్న బెత్తం సంగతి కూడా చెప్పాలి. 2023 డిసెంబరులో, జబ్బుపడిన తల్లిని చూడటానికి అమెరికా నుంచి వచ్చిన ఒక తెలుగువాణ్ణి శంషాబాదు విమానాశ్రయంలోనే ఆంధ్రప్రదేశ్ సీఐడీ అదుపులోకి తీసుకుంది. కారణం, సామాజిక మాధ్యమాల్లో అతని రాతలు. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది నవంబరులో అవతలి పార్టీ సామాజిక మాధ్యమ కార్యకర్తల మీద కేసులు వరసకట్టాయి. మొదటిదానికి చప్పట్లు కొట్టినవారు రెండోదానికి కన్నీరు కార్చారు, మొదటిదానికి కన్నీరు కార్చినవారు రెండోదానికి చప్పట్లు కొట్టారు. ఇక 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఓసీఐ కార్డు ఉన్నవాడు ఇక్కడ పాత్రికేయ వృత్తి చేయాలన్నా, పరిశోధన చేయాలన్నా ప్రత్యేకానుమతి తీసుకోవాలి. తల్లిదండ్రులు పెదకూరపాడులో, పిల్లలు టెక్సాస్‌లో ఉన్న ఇంట్లో ఆ కార్డు ఎంత విలువైనదో నేను చెప్పనక్కరలేదు. నల్లజాబితాలో పేరున్న సిక్కు ఎలా నోరు మూసుకున్నాడో, కార్డు పోతుందని భయపడే తెలుగువాడూ అలాగే నోరు మూసుకుంటాడు. పేరు వేరు, యంత్రం ఒకటే.

ప్రవాసికి మాతృభూమి ప్రభుత్వంతో ఏ సంబంధమూ ఉండరాదని నా వాదన కాదు. గల్ఫులో చనిపోయిన కూలీ శవాన్ని ఇంటికి చేర్చడం ప్రభుత్వ ధర్మం. ఆ ధర్మం దగ్గర వెనకబడే యంత్రాంగం, డాలరు ఉన్నచోట సభలకు ముందుంటుందన్నదే నా బాధ. సేవనూ పెత్తనాన్నీ విడదీయడానికి మూడు ప్రశ్నలు చాలు. సొమ్ము ఎవరిదో బహిరంగంగా చెబుతున్నారా? కాదన్నవాడికి వీసా, కార్డు, రాకపోకలు భద్రంగా ఉంటాయా? అక్కడ అతనన్న మాటకు ఇక్కడ అతని ఇంటివాళ్ళను వేధించకుండా ఉంటారా?

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 1938 నుంచి విదేశీ ప్రతినిధుల నమోదు చట్టం ఉంది. భారతీయ జనతా పార్టీ విదేశీ మిత్రుల సంఘం అమెరికా శాఖ 2020లో ఆ చట్టం కింద నమోదైంది. ఆ పార్టీతో మనకు ఏకీభావం ఉన్నా లేకపోయినా, బహిరంగంగా ఉండటం మంచిదే. మన ప్రాంతీయ పార్టీల ప్రవాస విభాగాలు అలా లెక్క చూపడానికి సిద్ధమా? విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి దగ్గర రాజకీయ పార్టీలు విరాళం పుచ్చుకోరాదని మన చట్టమే చెబుతోంది. పల్నాడులో ఎన్నికలు వచ్చినప్పుడల్లా "అమెరికా నుంచి దిగింది" అని రచ్చబండ మీద నవ్వుతూ చెప్పుకునే సొమ్ములో ఏది ఏ పాస్‌పోర్టువాడిదో అడిగినవాడున్నాడా? సర్రేలో అయితే అది విదేశీ హస్తం, పెదకూరపాడులో అయితే అది జన్మభూమి రుణం!

విదేశాల్లో ఉండి తెలుగులో రాసే మిత్రులకు నా మనవి ఒకటే. ఇకమీదట ఎవరి గురించైనా "విదేశీ హస్తం" అని రాయబోయే ముందు, ఆ హస్తం పేరూ ఆధారమూ పక్కన పెట్టండి. అవి లేకపోతే ఆ వాక్యం రాయకండి. ఉంటే, ఆ హస్తాన్ని తిట్టండి. దానికి ఐదు వందల ఏళ్ళ సంప్రదాయమున్న ఒక సమాజాన్ని బలిపెట్టకండి. ఆపైన మీ ఊరి సంఘానికి వెళ్ళి, వచ్చే మహాసభలకు మంత్రిగారి విమాన ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో అడగండి. ఆ ప్రశ్న సభలో గట్టిగా అడగగలిగినవాడికి సర్రే సిక్కుల మీద తీర్పు చెప్పే అర్హత ఉంటుంది. మిగతావారు చెంచయ్యగారి జయంతికి దండలు వేయడానికి కూడా కొంచెం సిగ్గుపడాలి.