మంచు బాట

హిమాలయాల ఆవల, లద్దాఖ్ ప్రాంతంలో జంస్కార్ అనే నది ఉన్నది. సింధునదికి అది ఒక ఉపనది. ఆ పేరు వినగానే నేడు చాలామందికి స్ఫురించేది శీతకాలంలో ఆ నదిపై ఏర్పడే మంచు బాట. దానినే 'చాదర్' అంటారు. చాదర్ అంటే దుప్పటి. గడ్డకట్టిన నీటిపై నడిచిపోయే సాహసయాత్రికుల ఛాయాచిత్రాలు పత్రికలలో విరివిగా కనిపిస్తాయి. నిమ్ము నుండి పదుం వరకు రహదారి వచ్చిన తరువాత, అపురూపమైన ఆ బాట అంతరించిపోతున్నదని విచారించేవారు కూడా ఎక్కువయ్యారు. ఆ విచారంలో సౌందర్యదృష్టి ఉన్నది కాని, ఆ నదీతీరంలో బ్రతికేవారి కష్టసుఖాలు మాత్రం లేవు.

జంస్కార్ రెండు నదుల కలయిక. ఒకటి దోడా. సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న పెన్సీ లా కనుమకు సమీపాన ద్రాంగ్‌ద్రుంగ్ అనే హిమానీనదం ఉన్నది. దోడా అక్కడ పుట్టి ఆగ్నేయంగా ప్రవహిస్తుంది. రెండవది త్సరప్. ఇది కొండగుహను ఆశ్రయించి కట్టిన ఫుక్తల్ బౌద్ధారామం క్రిందుగా ప్రవహించి, కర్గ్యాక్ నదిని తనలో కలుపుకొని, లుంగ్నక్ అనే పేరుతో వాయవ్యంగా వస్తుంది. ఎదురెదురుగా వచ్చిన ఈ రెండు నదులు పదుం సమీపంలో కలుస్తాయి. కలిసిన నీరు ఆ లోయలోనే సాగిపోక, ఉత్తరానికి మళ్ళి, జంస్కార్ పర్వతశ్రేణిని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఇరువైపులా నిలువుగోడల వంటి కొండలు, నడుమ ఇరుకైన అగాధం. ఆ అగాధాన్ని దాటి, లేహ్‌కు పశ్చిమాన నిమ్ము గ్రామం వద్ద నది సింధువులో కలుస్తుంది.

నైరుతి ఋతుపవనాలను హిమాలయ ప్రధానశ్రేణి దక్షిణాననే నిలువరిస్తుంది. అందువలన లేహ్‌లో సంవత్సరం మొత్తానికి కురిసేది దాదాపు 10 సెంటీమీటర్లే. గోదావరి వానకు పొంగుతుంది. జంస్కార్ ఎండకు పొంగుతుంది. జూలై, ఆగస్టు నెలలలో ఎండ తీక్షణమైనకొద్దీ మంచు కరిగి, బురదనీరు ఉరకలు వేస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 25 డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు నదీప్రవాహంపై మంచుపొర పేరుకుంటుంది. పొర క్రింద నీరు పారుతూనే ఉంటుంది.

ఆ కాలంలో కనుమలన్నీ మంచుతో మూసుకుపోతాయి. కార్గిల్ నుండి పెన్సీ లా మీదుగా వచ్చే దారి కూడా నెలల తరబడి తెరుచుకోదు. కనుక పదుం పరిసరాల ప్రజలకు బయటి ప్రపంచంతో సంబంధానికి ఆ మంచుపొరే ఆధారమయింది. వెన్న అమ్ముకోవడానికి దానిపైనే నడిచారు. పిల్లలను చదువుకై లేహ్‌కు దానిపైనే నడిపించారు. పొర ఎక్కడ పలుచనిదో అడుగు వేసేదాకా తెలియదు. సరదాకు నడిచేవారికి అది వింత. రోగిని మోసుకుపోయేవారికి అది ప్రాణసంకటం. కాబట్టి నిమ్ము, పదుం, దార్చాలను కలిపే 298 కిలోమీటర్ల రహదారి 2024 మార్చిలో అనుసంధానం కావడం న్యాయమే, ఆలస్యమైన న్యాయం. షింకు లా వద్ద 4.1 కిలోమీటర్ల సొరంగానికి అదే సంవత్సరం జూలైలో పని మొదలయింది. దానిని కూడా ఆహ్వానించవలసిందే.

విచారించవలసినది వేరొకటి ఉన్నది. జంస్కార్ పెద్దనదే కాని, దాని నీరు చాలా చోట్ల పొలాలకు అందదు. నది లోతున ఉంటుంది, చేలు ఎత్తున ఉంటాయి. బార్లీ, బఠాణీ పండేది పైకొండల మంచు కరిగి వచ్చే చిన్న వాగులతోనే. పదుం సమీపాన కుమిక్ అనే పాత గ్రామం ఉన్నది. పైన మంచు తరిగి దాని వాగు ఎండిపోయింది. కనుచూపుమేరలో అంత పెద్ద నది పారుతుండగా, త్రాగునీటికి, సాగునీటికి కరువై, గ్రామస్థులు 2000 తరువాత దిగువ మైదానానికి తరలిపోవడానికి పూనుకున్నారు. నది నుండి కాలువ త్రవ్వుకోవలసి వచ్చింది. చాదర్ చిత్రాలు చూచి మురిసిపోయేవారిలో కుమిక్ పేరు ఎందరికి తెలుసు?

సుమారు 23 కిలోమీటర్ల పొడవున్న ద్రాంగ్‌ద్రుంగ్ కూడా వెనుకకు తగ్గుతున్నది. దాని ముందుభాగాన సరస్సు ఏర్పడి విస్తరిస్తున్నది. ఆ కొండల స్వభావమూ స్థిరమైనది కాదు. 2014 డిసెంబరు చివర త్సరప్‌పై కొండచరియ విరిగిపడి నది ఆగిపోయింది. ఆనకట్టవలె నిలిచిన ఆ మట్టి వెనుక కొన్ని కిలోమీటర్ల మేర నీరు నిండి, 2015 మే 7న తెగింది. వంతెనలు కొట్టుకుపోయాయి.

ఇటువంటి చోట రహదారి వేసినవారికి మరొక బాధ్యత కూడా ఉంటుంది. వాహనాల పొగలోని మసి మంచుపై పడితే తెల్లదనం తగ్గి, అది ఎండను ఎక్కువగా గ్రహించి త్వరగా కరుగుతుంది. అంటే పదుం వాసికి వైద్యుణ్ణి చేరువ చేసిన దారే, అదుపు లేకపోతే అతని పొలానికి నీటిని దూరం చేయగలదు. వేసవిలో ఎన్ని విహారవాహనాలను అనుమతించాలో నిర్ణయించేటప్పుడు విడిదిగృహాల సంఖ్యను కాక, వాగులలోని నీటిని కొలమానంగా తీసుకోవాలి. అందుకు ముందు ఆ వాగులను ఏటేటా కొలవాలి. సింధువుతో కలిసే చోట ఒక పెద్దనదిని కొలిచినంత మాత్రాన, కుమిక్ వంటి ఊరి వాగు ఏ సంవత్సరం ఎండిపోనున్నదో తెలియదు.