అమ్మమ్మ కాగితం ఎవరిది?

ఇంగ్లండు ప్రభుత్వం 1788 నుంచి 1868 దాకా సుమారు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు తరలించింది. వారిలో దాదాపు 25,000 మంది స్త్రీలు. తరాలపాటు దాచుకున్న ఆ వంశచరిత్రను వారి వారసులిప్పుడు గర్వంగా వెతుక్కుంటున్నారు. 2007లో యునెస్కో ఆ రికార్డులను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

రెంటచింతలలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక ఎరుకల స్త్రీ అడిగింది: "మా అమ్మమ్మని స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారంట. ఆమె కాయితం నాకు దొరుకుద్దా మేడం?"

ఓడలెక్కినవారికి కనీసం కోర్టు శిక్ష వేసింది. ఎరుకలవారికి విచారణే లేదు, పుట్టుకే నేరం. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్ముకునే వారి బతుకును రైళ్లు, ఉప్పు చట్టాలు ఎలా దెబ్బతీశాయో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. ఆపై 1911 నేరస్థ తెగల చట్టం వారిని సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటులో నిర్బంధించింది. చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలు దొరికారు.

1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. జైలు నిబంధనల్లో ఈ తెగలపై వివక్ష చెల్లదని 2024లో కూడా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కాబట్టి ఆస్ట్రేలియాలోలాగా ఆ పేర్లన్నీ బయటపెడితే ఇక్కడ అవి మళ్లీ అనుమానితుల జాబితాలవుతాయి.

ఆ రిజిస్టర్లను ముందు ఆ కుటుంబాల స్త్రీలకు ఉచితంగా, తెలుగులో చదివి వినిపించాలి. ప్రచురించాలో వద్దో వారే తేల్చాలి. నావంటి పరిశోధకుల వంతు ఆ తర్వాతే. ఈ కోరికను మన సంఘాలు ప్రభుత్వం ముందు పెట్టాలి. ఊరందరికీ ఎరుక చెప్పిన ఆడవాళ్లకు తమ అమ్మమ్మల కథ తెలుసుకునే హక్కు లేదా?