పిల్లలను ఏ బీచ్‌కు తీసుకెళ్దాము?



వేసవిలో వి.బి.యస్. ముగిసిన వెంటనే మా సంఘములో ప్రతి ఏడాది ఒకే ప్రశ్న లేస్తుంది. "అయ్యగారూ, ఈసారి పిల్లలను వైజాగు బీచ్‌కు తీసుకెళ్దామా?" మాది పొలము పనుల మీద బ్రతికే పల్లె. సముద్రము మాకు వ్యానులో రెండు గంటల దూరము. ఏడాదికొకసారి చూచే సముద్రము గనుక, వ్యాను ఆగీ ఆగకముందే పిల్లలు చెప్పులు చేత పట్టుకొని పరుగు తీస్తారు. పెద్దలమైన మనము మాత్రము తక్కువా!

కొన్నేళ్ళ క్రితము జరిగిన సంగతి చెప్తాను. మా యౌవనస్థులలో ఒకడు, మా ఊరి చెరువును ఈ గట్టునుండి ఆ గట్టుకు ఈదగలవాడు, మొల లోతు నీటిలో నిలబడి ఉండగానే కాళ్ళ క్రింది ఇసుక జారి లోపలికి వెళ్ళిపోయాడు. ఒడ్డున ఉన్న నేను వాడు ఈత కొడుతున్నాడనే అనుకొన్నాను. వాని తల్లి కేక వేస్తేనే నాకు తెలిసింది. దగ్గరలో వలలు సర్దుకొంటున్న ఇద్దరు జాలరి సోదరులు తాడు, ఖాళీ డబ్బా పట్టుకొని దిగి, దేవుని కృప వలన వానిని ప్రాణముతో తెచ్చారు. ఆ స్థలమును ఎంచినది నేనే. జనము లేరు, వంటకు నీడ ఉన్నది, అలలు కూడా తక్కువగా ఉన్నవి అని ఎంచాను.

ఆ ఇద్దరిలో పెద్దాయన అన్న మాట నాకు ఇంకా వినబడుతూనే ఉంటుంది. "అల లేదని దిగిపోనారు బాబూ. అల లేనిచోటే నీరు లాగుతాది."

ఇది నేను డిప్లొమా చదివిన రోజులలో ఎవరూ చెప్పని పాఠము. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా మరల లోపలికి పోవాలి గదా. అది ఒకచోట చేరి, ఇరుకైన పాయగా, వేగముగా వెనుకకు పోతుంది. ఆ పాయ ఉన్నచోట లోతు ఎక్కువ గనుక అల విరగదు, నురుగు కనబడదు. ప్రక్కల అలలు విరుగుతూ, నడుమ నీరు మాత్రము నెమ్మదిగా, కాస్త నల్లగా కనబడితే అదే ఆ పాయ. తెలియనివారు అదే మంచి చోటని దిగుతారు. చెరువు ఈత అక్కడ పనికి రాదు. చిక్కుకొన్నవాడు ఒడ్డువైపు ఎదురీదితే చేతులు పడిపోతాయి. తీరము వెంబడి ప్రక్కకు ఈది పాయనుండి బయటపడాలి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తాలి. ఒడ్డునున్నవారు వెంట దూకకూడదు. తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో విసరాలి, 112కు ఫోను చెయ్యాలి. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరములో ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకొనిపోయిన వార్త మీరు చదివే ఉంటారు. వారు మన బిడ్డలవంటివారే.

కాబట్టి "ఏ బీచ్ అందముగా ఉంటుంది" అని గాక, "మనము నీటిలో దిగుతామా, చూచి వస్తామా" అని ముందుగా తేల్చుకోండి.

చూచి రావడానికైతే ఆర్.కె. బీచ్. కుర్సురా జలాంతర్గామి 2002 నుండి అక్కడ మ్యూజియముగా ఉన్నది. పిల్లలు దాని కడుపులోకి వెళ్ళి నావికులు పడుకొన్న ఇరుకు మంచములు చూచి వస్తారు. ఎదురుగా, 2017లో తెరచిన టి.యు.142 విమానము. అయితే అక్కడ సముద్రము ఒడ్డునుండే లోతు. పాదములు తడుపుకొని రావలసినదే.

నీటిలో దిగితీరాలని పిల్లలు పట్టుపడితే ఋషికొండ. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అంటే నీటి శుభ్రత, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకొనే గదులు, కాపలా ఉండే లైఫ్‌గార్డులు, ఇవన్నీ పరీక్షించి ఇచ్చేది. స్త్రీల సమాజపు అక్కయ్యలకు ఆ గదుల విలువ నేను చెప్పనక్కరలేదు. గుర్తులు పెట్టినంత మేరలోనే, ఈలకు లోబడి దిగాలి. ఆ హద్దు దాటితే అదీ అన్ని చోట్లవంటి సముద్రమే, అక్కడా ప్రాణములు పోయినవి.

అదే రోడ్డున ఇంకా ముందుకు పోతే భీమిలి, నగరమునుండి సుమారు 25 కిలోమీటర్లు. ముసలివారికి, చంటిపిల్లల తల్లులకు నేను చెప్పేది ఇదే. డచ్చివారి పాత సమాధులు, దీపస్తంభము, సెయింట్ పీటర్స్ చర్చి చూడవచ్చును. గోస్తనీ నది సముద్రములో కలిసే చోట మాత్రము దిగనివ్వకండి, రెండు నీళ్ళ లాగుడు అక్కడ. దారిలో కనబడే ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించారు. పిల్లలను వాటిని త్రవ్వనివ్వవద్దు.

యారాడ అందమును నేను కాదనను. మూడు ప్రక్కల కొండలు, నాలుగవ ప్రక్క సముద్రము. కాని అక్కడ కెరటము బలమైనది. నలభైమంది పిల్లలను కాయవలసిన పాస్టరు వెళ్ళే చోటు కాదది. మా పాస్టరమ్మగారు ఇంకా అడుగుతూనే ఉన్నారు, మేమిద్దరమే ఎప్పుడైనా వెళ్తాము.

అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటు ఎక్కువ, ఆ తేదీలు వద్దు. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు. హుద్‌హుద్ వైజాగును కొట్టినది 2014 అక్టోబరు 12న. మే నెలలో పది గంటలకే ఇసుక కాలుతుంది, తెల్లవారకముందే బయలుదేరండి.

ఈ ఏడు మేము ఋషికొండ అనుకొన్నాము. తాడు, ఖాళీ నూనె డబ్బాలు తానే తెస్తానని ఆ అబ్బాయి చెప్పాడు. వాళ్ళ అమ్మ మాత్రము పులిహోర మూటలు చూచుకొంటూ ఇసుక మీదనే కూర్చుంటానన్నది.