మీది ఏ వీధి?

పలాస స్టేషన్లో రైలెక్కి హైదరాబాదు పోయినా, చెన్నై పోయినా, విశాఖ పోయినా, అద్దెకి ఇల్లడిగే మన కుర్రాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఊరు. రెండో ప్రశ్న వీధి. "మీ ఊళ్లో మీది ఏ వీధి బాబూ?" పేరు వింటే తెలీదు, మొహం చూస్తే తెలీదు, చదువు చూస్తే అసలే తెలీదు. అందుకని వీధి అడుగుతారు. మనవాడు "రామాలయం దగ్గిర" అనో "మెయిన్ రోడ్డు మీద" అనో చెప్పి గండం గట్టెక్కుతాడు. అబద్ధమాడొచ్చా అని నీతులు చెప్పేవాళ్లు ముందు ఆ ప్రశ్న అడగడం మానాలి.

ఇప్పుడా ప్రశ్న అడగక్కర్లేని రోజులొచ్చాయి. ఆధార్ కార్డు మీద అడ్రసు ఉంది. ఆ అడ్రసు ఫోనులో కొడితే మ్యాపు వస్తుంది. మ్యాపులో వీధి ఫొటో ఉంటే ఇంటాయన కుర్చీలోంచి లేవకుండానే మన గుమ్మం దాకా నడిచి వచ్చి చూసిపోతాడు.

ఈ పని ఎలా జరుగుతుందో చాలామందికి తెలీదు కాబట్టి చెబుతున్నాం. కారు నెత్తిన నాలుగు పక్కలా చూసే కెమెరా బిగిస్తారు. కారు పోయినంత దూరం ఫొటోలు పడతాయి. వాటిని అతికి మ్యాపులో పెడతారు. గూగుల్ కంపెనీ 2007లో అమెరికాలో మొదలుపెట్టింది. 2011లో బెంగుళూరులో కార్లు తిప్పబోతే పోలీసులు ఆపేశారు. 2016లో కేంద్ర హోంశాఖ కుదరదంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నియమాలు మార్చి, ఇలాంటి వీధి ఫొటోలు మన దేశపు కంపెనీలు తియ్యవచ్చు, ముందస్తు అనుమతి అక్కర్లేదు అంది. 2022 జూలైలో జెనెసిస్, టెక్ మహీంద్రా కంపెనీలు తీసిన ఫొటోలతో గూగుల్ హైదరాబాదుతో కలిపి 10 నగరాల వీధులు తెరిచింది. అదే నెలలో మ్యాప్‌మైఇండియా తన వీధి ఫొటోలు తెచ్చింది. కారు రాని ఊళ్లోనైనా సరే, ఫోనున్న ఏ దారినపోయేవాడైనా ఫొటో తీసి మ్యాపులో పెట్టవచ్చు.

2011లోనూ 2016లోనూ ఆపింది దేని కోసం? దేశ భద్రత కోసం. 2021 నియమాల్లో కూడా భద్రతకి సంబంధించిన చోట్లకి ఆంక్షలున్నాయి. సైన్యం గోడ వెనక ఏముందో చూపించకూడదు, సరే. మాల వీధిలో, రెల్లి వీధిలో ఏముందో చూపించవచ్చా అని మాత్రం ఢిల్లీలో ఎవరికీ అనుమానం రాలేదు.

మొహాలు, బండి నంబర్లు మసక చేస్తున్నాం కదా అంటారు కంపెనీవాళ్లు. చెయ్యండి, మంచిదే. కాని మన దేశంలో మనిషిని పట్టిచ్చేది మొహం కాదు, చోటు. ఊరి చివర, ఒకే అచ్చులో పోసినట్టు సర్కారు ఇళ్లు, ఒక పక్క చర్చి, మొగదలో అంబేడ్కర్ విగ్రహం, "ఎస్సీ కాలనీ" అని పంచాయతీ వాళ్లే రాయించిన బోర్డు. మొహం మసకేసినా కులం మిట్టమధ్యాహ్నపు ఎండలా కనబడుతూనే ఉంటుంది. (విగ్రహం దాచమంటున్నామా? ససేమిరా. బాబాసాహెబ్ బొమ్మ మేం పెట్టుకున్నది నలుగురూ చూడ్డానికే. పెట్టుకోవడం మా ఇష్టంతో జరిగింది. కెమెరా అడక్కుండా వచ్చింది. తేడా అక్కడ.)

ఊళ్లో అందరికీ తెలిసిందే కదా, కొత్తగా దాచేదేటి అని మనవాళ్లే కొందరంటున్నారు. నిజమే, ఊరికి తెలుసు. 2012 జూన్ 12న అప్పటి మన జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపినవాళ్లకి ఏ మ్యాపూ అక్కర్లేకపోయింది. కాని ఊరికి తెలిసింది ఊళ్లో ఉండేది. బతకడానికి పట్నం పోయిన మనిషికి ఆ దూరమే రక్ష. ఊరి కళ్లు పట్నానికి ఇచ్చేస్తే ఇక ఎక్కడికి పోవాలి?

ఉద్దానంలో ఈ మాట అర్థం కావడానికి దళితుడై పుట్టక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస అంటే చాలు, "కిడ్నీ ఊళ్లు" అని సంబంధాలకి వెనకాడే మాట అన్ని కులాల వాళ్లూ విన్నదే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. జబ్బుకి ఆసుపత్రి వచ్చింది, ఊరి పేరు మీద పడ్డ మచ్చకి మందు రాలేదు. ఊరి పేరు చెప్పడానికి జంకడం ఎలాగుంటుందో కొన్నేళ్లుగా చూస్తున్న పెద్ద కులాల అన్నదమ్ములు, వేల ఏళ్లుగా వీధి పేరు చెప్పడానికి జంకినవాళ్ల బాధ ఒకసారి ఊహించుకోండి.

జపానులో బురాకు జనం ఉన్నారు. తోళ్ల పని, చావుల పని చేసిన వాళ్లని వెలివేసిన జాతి. 1871లో చట్టం ఆ అంతరాన్ని రద్దు చేసింది. రంగులో, భాషలో, రూపులో మిగతా జపాను వాళ్లకీ వీళ్లకీ వెంట్రుకవాసి తేడా లేదు. మరి ఎలా గుర్తుపడతారు? చోటు బట్టే. 1975లో ఒక దొంగ పుస్తకం బయటపడింది. అందులో బురాకు వాడల పేర్లు, అవి ఎక్కడున్నాయో జాబితా. ఉద్యోగానికొచ్చిన వాళ్లలో బురాకు వాళ్లని ఏరెయ్యడానికి 200 పైగా కంపెనీలు దాన్ని కొనుక్కున్నాయి. 2009లో గూగుల్ పాత జపాను మ్యాపుల్ని నేటి మ్యాపు మీద పరిస్తే, వెలివాడల పాత పేర్లు నేటి వీధుల మీద తేలాయి. బురాకు విమోచన సంఘం నిలదీసింది, ఆ పేర్లు పోయాయి. ఆ వాడల జాబితాని మళ్లీ అచ్చెయ్యబోయిన వాళ్ల మీద కోర్టుకెళితే 2021లో టోక్యో కోర్టు తప్పని తీర్పిచ్చింది. 2023లో పై కోర్టు ఆ తీర్పుని ఇంకా విస్తరించింది. అక్కడ పుస్తకం అచ్చెయ్యాల్సొచ్చింది. మన దగ్గిర ఆధార్ అడ్రసులో కాలనీ పేరుంది, మ్యాపులో "ఎస్సీ కాలనీ" అని గుర్తుంది. ఇక ఫొటో ఒక్కటే తక్కువ.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. డాబా ఇళ్లవాళ్లకి వీధి అంటే నడిచే దారి. మనకి వీధే వాకిలి, వీధే వంటిల్లు. కుళాయి వీధిలో, అంట్లు వీధిలో, జీడిపిక్కల పని నుంచి వచ్చి కాళ్లు చాపుకునేది వీధి అరుగు మీద. నీళ్లు పోసుకునేది కొబ్బరి మట్టల దడి వెనక. జపానులో ప్రహరీల మీంచి లోపలికి కనిపిస్తోందని జనం గొడవ చేస్తే 2009లో గూగుల్ కెమెరాని 40 సెంటీమీటర్లు కిందికి దించి మళ్లీ ఫొటోలు తీస్తానని ఒప్పుకుంది. ప్రహరీకి 40 సెంటీమీటర్లయితే, మన దడికి ఎన్ని?

చట్టం ఏమంటుంది? 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. దాని తర్వాత సమాచార రక్షణకి తయారైన 2018, 2019 ముసాయిదాల్లో ఒక మంచి మాట ఉండేది. ఆరోగ్యంలాగే కులం, తెగ కూడా సున్నితమైన సమాచారం, దానికి ఎక్కువ రక్షణ ఉండాలి అని. 2023లో చట్టం వచ్చేసరికి ఆ విభాగమే ఎగిరిపోయింది. ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు అని పార్లమెంటులో రిజర్వుడు సీట్లలో కూర్చున్న మనవాళ్లు గట్టిగా అడగాల్సింది. ఇప్పుడైనా అడగాలి.

మ్యాపులే వద్దని మేం అనడం లేదు. డయాలసిస్‌కి పోవాల్సిన మనిషి కోసం 108 బండి మన వీధి దొరక్క తిరుగుతుంటే ఆ మ్యాపు మనకే కావాలి. శ్మశానం దారి మూసేస్తే, చెరువు గట్టు మీద మన గుడిసెలు నిన్నా మొన్నా వేసినవని రెవెన్యూవాళ్లు బుకాయిస్తే, ఐదేళ్ల కిందటి తేదీతో ఉన్న ఫొటో మనకి సాక్ష్యం. అందుకే తొందరపడి అన్నీ చెరిపించుకోవద్దు. మీ ఇంటి ఫొటో మ్యాపులో కనిపిస్తే దాని మీదే ఫిర్యాదు చేసే చోటు ఉంటుంది. మొహం, ఇల్లు, బండి ఏది కావాలంటే అది మసక చెయ్యమని అడగవచ్చు. కాని గూగుల్లో ఒకసారి మసక చేస్తే మళ్లీ తెప్పించుకోలేం. శ్మశానం, పోరంబోకు, డీపట్టా భూమి తగాదా ఉన్నచోట ముందు ఆ ఫొటోని తేదీ కనబడేటట్టు దాచుకోండి. ఆ తర్వాతే మసక సంగతి.

జర్మనీలో 2010లో వీధులు మ్యాపులో పెట్టకముందే జనాన్ని అడిగారు. 2 లక్షల 44 వేల ఇళ్లవాళ్లు మా ఇల్లు వద్దన్నారు, మసక చేశాకే పెట్టారు. ముందు అడగడం కుదిరే పనేనని అక్కడ తేలింది. కాబట్టి మన డిమాండ్లు కూడా అలాగే ఉంటాయి. వీధుల ఫొటోలు తీసేవాళ్లెవరైనా ముందు గ్రామసభకి, పట్నంలో అయితే వార్డు జనానికి చెప్పి తీరాలి. దళితవాడ, గిరిజన గూడెం జనం వేరుగా కూర్చుని ఒప్పుకుంటేనే అక్కడ తియ్యాలి. ఏ రోజు వస్తారో వారం ముందు టముకు వెయ్యాలి. తీసినవి మాకు చూపించాకే బయట పెట్టాలి. మ్యాపుల్లో, అడ్రసుల్లో కులం పేర్లు తీసేసి వీధివాళ్లు ఎంచుకున్న పేరు పెట్టాలి. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో కులం పేర్లున్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది. 2025లో తమిళనాడు "కాలనీ" అన్న మాటనే రికార్డుల్లోంచి తీసేస్తామంది. మన రాష్ట్రానికి అడ్డమేటి?

టెక్కలి, పలాస, ఉద్దానం మండలాల కార్యకర్తలు ఈ పక్షంలో ఒక పని చెయ్యాలి. మీ వీధి మ్యాపులో ఏ పేరుతో ఉందో, ఫొటో ఉందో లేదో, ఉంటే ఏ తేదీదో ఫోనులో చూసి కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని వీధి ఆడవాళ్ల ముందు చదివి, ఏది ఉండాలో ఏది పోవాలో వాళ్లనే తేల్చమనండి. వాళ్లు తేల్చింది తీర్మానంగా రాసి పంచాయతీ కార్యదర్శి చేతికిచ్చి రసీదు తీసుకోండి. రసీదు నకలు మాకు పంపండి.