ఆ 20 గంటల లెక్క తెలుసా?

"అక్కడ పార్ట్‌టైమ్ చేసుకుంటే ఖర్చులు వెళ్ళిపోతాయటండీ!" కూతుర్ని ఎమ్మెస్‌కి అమెరికా పంపుతున్న మా ఎదురింటి వదినగారు మొన్న ధీమాగా అన్నారు.

ఆ ధీమా చూస్తే నాకు భయమేసింది. ఎఫ్-1 వీసా మీద వెళ్ళిన పిల్లలు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే, అదీ మామూలుగా యూనివర్సిటీ ఆవరణలోనే పనిచేయాలి. లైబ్రరీలో, క్యాంటీన్‌లో ఉండే పనులు కొన్నే, అడిగేవాళ్ళు బోలెడుమంది. దొరికినా ఆ డబ్బు తిండికి ఆసరా అవుతుందేమోగానీ ఫీజుకి ఎక్కడ చాలుతుంది? అప్పుడే కొందరు పెట్రోలు బంకుల్లో, హోటళ్ళలో దొంగచాటుగా రాత్రి పనికి వెళతారు. బయటపడితే వీసా హోదా పోయి, చదువు మధ్యలోనే ఇంటికి రావలసి వస్తుంది. అప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

తప్పంతా పిల్లలదేనా? ఇల్లు తాకట్టు పెట్టి, "ఈ నెల ఎంత మిగిలిందే?" అని ఫోన్లో అడిగేది మనమే కదా! వీసా కోసం చేబదులు తెచ్చి బ్యాంకులో చూపించిన డబ్బు రేపు ఫీజు కట్టదు. రెండేళ్ళ ఖర్చు ఇక్కడే కూర్చుని లెక్కేసుకుందాం. చాలకపోతే ఓ ఏడాది ఆగుదాం.

వదినగారు నొచ్చుకున్నా సరే, ఈ మాట చెప్పేశాను.