ఊరంతటి కావలి ఎవరి మీద?

హైదరాబాదులో కాలనీ సంక్షేమ సంఘాలవారు నలుగురు కలిసినచోటల్లా ఒక ప్రతిపాదన వినవస్తోంది. ప్రతి వీధికీ కావలి బృందముంది, ప్రతి బృందానికీ ఒక వాట్సాప్ గుంపుంది. వీటన్నిటినీ ముడివేస్తే కూకట్‌పల్లిలో కనబడ్డ దొంగ ఎల్బీనగర్ చేరేలోపే అక్కడివారు మేలుకొని ఉంటారట. వినడానికి బాగుంది. కాదన్నవాణ్ణి దొంగల పక్షపాతి అనేటంత బాగుంది. అయినా కాదంటున్నాను.

వీధి కావలికి బలం కర్రలో లేదు, ఈలలో లేదు, పరిచయంలో ఉంది. మూడో ఇంటి పెద్దాయన నిద్రపట్టక రాత్రి రెండింటికి పచార్లు చేస్తాడని ఆ వీధివారికి తెలుసు. పాలపాకెట్ల కుర్రవాడు నాలుగింటికే వస్తాడనీ తెలుసు. ఈ ఎరుక వీధి మలుపు దాటి ప్రయాణించదు. దాటి పోయేది అనుమానమొక్కటే. "ఎవరో తిరుగుతున్నారు" అన్న మాట పది గుంపులు దాటేసరికి "ముఠా దిగింది" అవుతుంది.

ఇది నా ఊహ కాదు. 2018 జూలై 13న హైదరాబాదు నుంచి కొందరు మిత్రులు కర్ణాటకలోని బీదరు జిల్లాకు కారులో వెళ్ళారు. దారిలో ఒకచోట పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న వదంతి అప్పటికే ఊళ్ళను ఊపేస్తోంది. స్థానికులు నిలదీశారు. వీరు బయటపడి కారెక్కగానే ఆ కబురు వాట్సాప్‌లో ముందున్న ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారికి అడ్డం పెట్టి ఆపారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును కొట్టి చంపారు. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి.

ఇందులో విఫలమైనదేమిటో చెప్పండి. ఏదీ విఫలం కాలేదు! కబురు కారు కంటే వేగంగా పోయింది, పై ఊరు సిద్ధంగా ఉంది, దారి మూతబడింది. మనవాళ్ళు కోరుతున్న గొలుసు సరిగ్గా ఇదే. ముర్కివారు ఆ చాక్లెట్లు పంచడాన్ని చూడలేదు, ఆ పిల్లలనూ చూడలేదు. వారికి అందింది తీర్పు మాత్రమే.

అదే యేడు మేలో, చాంద్రాయణగుట్టలో, అదే వదంతికి ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ బలైంది. జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రాయిన్‌పాడాలో అయిదుగురు సంచార జాతివారు బలయ్యారు. అనుమానం ఎవరి మీద వాలుతుందో చూడండి: బిచ్చమెత్తేవారి మీద, ఊరూరా తిరిగేవారి మీద. రేపు మన గుంపులో ఫొటో ఎక్కేది కూడా చిత్తుకాగితాలు ఏరేవాడిదో, బుడబుక్కలవాడిదో, భాష రాని వలసకూలీదో అవుతుంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరం చేసింది. ఆ నీడలోనే 1913లో స్టూవర్టుపురం వెలిసింది. 1952 నాటికి చట్టం దేశమంతటా రద్దయినా, ఆ ఊరి పేరు దొంగకు పర్యాయపదంగా మన సినిమాల్లో బతికే ఉంది. అంత పని చేయడానికి దొరలకు రిజిస్టర్లు కావలసివచ్చింది. మనకు ఫోను చాలు.

(కాలనీలచేత కెమెరాలు పెట్టించే పథకానికి పోలీసులు "నేను సైతం" అని పేరు పెట్టుకున్నారు. శ్రీశ్రీ ఏమనేవాడో! అయినా కెమెరా నయం. చూసింది చెబుతుంది, అనుమానించింది చెప్పదు. ముఖాలు గుర్తుపట్టే యంత్రం తగిలించనంతవరకూ.)

సరే, గొలుసు దొంగ బైకు మీద పావుగంటలో మూడు ఠాణాల పరిధులు దాటేస్తాడు, ఠాణావారు "మా పరిధి కాదు పొమ్మంటారు" అన్న కోపం న్యాయమైనదే. దానికి చట్టం ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే. ఠాణాలను ముడివేసే కంప్యూటరు వ్యవస్థకు 2009లోనే అనుమతి వచ్చింది. సంఘాలన్నీ కలిసి అడగవలసింది దాన్ని.

2018లోనే జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి తన పోలీసులను ఊళ్ళకు పంపి, పాటలు పాడించి, ఆ వదంతులు అబద్ధమని చాటించారు. అదీ పరిచయం చేసే పని. దానికి గొలుసు అక్కరలేకపోయింది.

ఇంకా ముడివేసి తీరాలంటారా? అయితే పంపే ప్రతి కబురుకూ పంపినవారి పేరు, సంఘటన సమయం, ఫిర్యాదు సంఖ్య ఉండాలి. మనిషి ఫొటో, వేషం, భాష, కులం ఉండకూడదు. అబద్ధమని తేలితే, చేరవేసినవారే అన్ని గుంపులకూ ఆ మాట తిరిగి చేరవేయాలి. ఈ షరతులు చదివి వినిపించండి, ఎన్ని సంఘాలు మిగులుతాయో చూద్దాం.