ఆస్టరాయిడ్ గురించి మనమెందుకు రాయకూడదు?

వార్షికోత్సవ సంచికకు రచనలు పంపమని నోటీసు బోర్డు మీద కాగితం అంటించిన రోజునే మా పేర్లు ఇచ్చాం. "దేని గురించి రాస్తారన్నా?" అని కమిటీ తమ్ముళ్ళు అడిగితే, "ఆస్టరాయిడ్ గురించి" అన్నాం. అందరూ నవ్వారు. "మెస్ ఛార్జీల గురించి రాయండన్నా, స్కాలర్‌షిప్పులు లేటు గురించి రాయండి, బాత్‌రూము తలుపుల గురించి రాయండి. ఆస్టరాయిడ్ ఎందుకన్నా మనకి?" అన్నాడు ఒక తమ్ముడు.

అతని మాటలో చెడు ఉద్దేశం ఏమీ లేదు. పాత సంచికలు తిరగేస్తే మనవాళ్ళు ఎక్కువగా రాసినవి అవే. అవన్నీ రాయాల్సినవే. ఇంటర్మీడియట్‌లో ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఇక్కడికి వచ్చిన మేము, ఇప్పుడు పీజీ రెండో సంవత్సరంలో ఉన్నాం. నీళ్ళు రాని ఉదయాలు మాకూ తెలుసు. అయితే తమ్ముడు అన్న ఆ "మనకి" అనే మాట దగ్గరే మాకు అభ్యంతరం. మనకి ఏది అక్కర్లేదో ఎవరు తేల్చారు? వేరేవాళ్ళు తేల్చిన మాటను మనమే మన నోటితో చెబుతున్నామా? ఈ వ్యాసం అందుకే.

ముందు ఆ ఆస్టరాయిడ్ ఏమిటో చెబుతాం. తెలుగులో గ్రహశకలం అంటారు. కుజ, గురు గ్రహాల మధ్య లక్షల సంఖ్యలో గ్రహశకలాలు ఒక వలయంలా సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. ఆ వలయం బయటి అంచున, సూర్యుడికి సగటున 52 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది సిల్వియా. దాని నంబరు 87. సగటు వ్యాసం సుమారు 270 కిలోమీటర్లు. గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. పొడవు వైపు కొలిస్తే విశాఖపట్నం నుంచి విజయవాడకు రైల్లో వెళ్ళేంత దూరం. తన చుట్టూ తాను తిరగడానికి దానికి అయిదు గంటల పైచిలుకు చాలు. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి మాత్రం ఆరున్నరేళ్ళు పడుతుంది. మేము ఇంటర్‌లో చేరిన రోజు నుంచి లెక్కపెడితే సిల్వియా ఇప్పటికి ఒక్క చుట్టు పూర్తి చేసిందన్నమాట.

దీన్ని మొదట చూసినది అమెరికాలోనో జర్మనీలోనో కాదు. 1866 మే 16న మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ అనే ఆంగ్లేయ ఖగోళ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. అప్పటికి మన విశాఖపట్నం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1861లో ఆయన అక్కడి నుంచే మరొక గ్రహశకలాన్ని చూశాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొట్టమొదటి గ్రహశకలం అదే కాబట్టి దానికి 'ఆసియా' అనే పేరు పెట్టాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఆయన మచిలీపట్నం వచ్చాడు. అదే గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి చూశాడు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. ఆ తర్వాత మూడు నెలలకు, 1868 నవంబరు 17న, పాగ్సన్ మళ్ళీ మద్రాసు నుంచే 'కెమిల్లా' అనే ఇంకో గ్రహశకలాన్ని కనిపెట్టాడు. అదీ సిల్వియా లాంటిదే. పెద్దది, నల్లటిది, వలయం బయటి అంచున ఉన్నది.

నల్లటిది అని ఎందుకంటున్నామంటే, సిల్వియా మీద పడిన సూర్యకాంతిలో నూటికి నాలుగైదు పాళ్ళే వెనక్కి వస్తుంది. మిగతాదంతా అది తాగేస్తుంది. బొగ్గు అంత నలుపు. మాలో ఒకరి నాన్న రేవులో బొగ్గు దింపే పని చేసి చేసి వయసు కాకుండానే దగ్గు పట్టిన మనిషి. స్కూల్లో మాలో ఇద్దరిని పిల్లలే కాదు, ఒక పంతులుగారు కూడా "బొగ్గు" అనే పిలిచేవారు. అందువల్ల ఈ నలుపు సంగతి చదివినప్పుడు మేము మామూలుగా చదవలేకపోయాం.

నల్లగా ఉంటే ఏమవుతుంది? చిన్నదనుకుంటారు. టెలిస్కోపులో చూస్తే చిన్నదైనా తెల్లటి రాయి, పెద్దదైనా నల్లటి రాయి ఒకే చుక్కలా కనబడతాయి. వెలుగును బట్టి చూస్తే ఏది పెద్దదో తెలియదు. ఈ చిక్కు ఎలా విడిందో చూడండి. నల్లటి రాయి కాంతిని తాగి వేడెక్కుతుంది, ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదులుతుంది. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం ఆకాశమంతటినీ ఆ కిరణాల్లో పరిశీలించింది. మసకగా కనబడినవాటిలో ఎన్నో నిజానికి ఎంత పెద్దవో అప్పుడు లెక్క తేలింది. సిల్వియా పెద్దవాటి వరసలో ముందుంది. అది అంతకుముందు కూడా అంతే పెద్దది. కొలిచే పద్ధతి మారాక లెక్క మారింది, అంతే.

ఇంకో సంగతి. పాగ్సన్ సిల్వియా అని పేరు పెట్టింది రోమ్ నగరం పుట్టుక కథలోని కవలల తల్లిని తలచుకుని. 135 ఏళ్ళ తర్వాత, 2001లో, హవాయి దీవుల్లోని పెద్ద టెలిస్కోపుతో చూస్తే దాని చుట్టూ ఒక బుల్లి చంద్రుడు తిరుగుతున్నాడని తెలిసింది. 2004లో చిలీ దేశం నుంచి తీసిన చిత్రాల్లో రెండోవాడు దొరికాడు. రెండు చంద్రులున్న గ్రహశకలం కనబడటం అదే మొదలు. వాటికి ఆ కవలల పేర్లే పెట్టారు, రోములస్, రెమస్ అని. ఆ చంద్రులు తిరిగే వేగాన్ని బట్టి సిల్వియా బరువు కట్టారు. దాని సాంద్రత నీటికంటే కొంచెమే ఎక్కువని తేలింది. అంటే లోపల ఖాళీలున్న ముక్కల కుప్ప అయి ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాగ్సన్ దీన్ని ఎలా కనిపెట్టాడు? అప్పటికి ఆకాశాన్ని ఫొటోలు తీసి వెతికే పద్ధతి రాలేదు. రాత్రుళ్ళు మేలుకుని నక్షత్రాల పటం దగ్గర పెట్టుకోవడం, టెలిస్కోపులో చూడటం, పటంలో లేని చుక్క కనబడితే గుర్తుపెట్టుకోవడం, మళ్ళీ చూసి అది కదిలిందా లేదా తేల్చుకోవడం. కదిలితే నక్షత్రం కాదు. ఇంతే పని. దీనికి కావలసినవి ఒక టెలిస్కోపు, ఒక పటం, ఓపిక. ఓపిక మన దగ్గర ఎంత ఉందో రేషన్ షాపు ముందు, స్కాలర్‌షిప్పు కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళకి చెప్పనవసరం లేదు. లేనిది టెలిస్కోపు.

ఆ మద్రాసు అబ్జర్వేటరీలోనే చింతామణి రఘునాథాచారి అసిస్టెంటుగా పనిచేస్తూ 1867లో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనిపెట్టాడు. పాగ్సన్ కూతురు ఐసిస్ కూడా అక్కడే పనిచేసింది. ఆమెను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యురాలిని చేయాలని తండ్రి 1886లో ప్రతిపాదిస్తే, ఆడది కాబట్టి కుదరదన్నారు. 1920లో గాని ఆమెకు ఆ సభ్యత్వం రాలేదు. చదువుకున్న తెల్లదొర కూతురికే గుమ్మం దగ్గర అంత ఆలస్యమైతే, ఆ భవనంలో దీపాలు తుడిచినవాళ్ళ పిల్లల మాట ఏమిటి? వాళ్ళు గుమ్మం దాకా కూడా రాలేదు. ఆ పిల్లల మునిమనవలం మనం.

మన విశాఖ సంగతి చూద్దాం. చాలామందికి తెలియదు, ఈ ఊళ్ళో 1840ల నాటికే అబ్జర్వేటరీ ఉండేది. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారీ కుటుంబీకుడు మద్రాసు వెళ్ళి ఖగోళశాస్త్రం నేర్చుకుని, తిరిగొచ్చి డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో కట్టించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నాటించి పట్నానికి టైము తెలిసే ఏర్పాటు చేశాడు. ఆయన 1856లో చనిపోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపించాడు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యుడి మీదుగా సాగిపోవడాన్ని ఆయన ఇక్కడి నుంచే పరిశీలించాడు. గొప్ప పని. వాళ్ళను తక్కువ చేయడం లేదు. కానీ ఆ అబ్జర్వేటరీ ఒక ఇంటివారిది. ఆ మనుషులు పోయాక ఎన్నాళ్ళో నిలవలేదు. ఇవాళ డాబాగార్డెన్స్‌లో నిలబడి అది ఎక్కడ ఉండేదని అడిగితే చూపించేవాళ్ళు మాకు దొరకలేదు. హైదరాబాదులో 1901లో నవాబ్ జాఫర్ జంగ్ కూడా అలాగే సొంతంగా మొదలుపెట్టాడు. ఆయన తర్వాత దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది, తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. తరాల తరబడి విద్యార్థులు దాని వల్ల చదువుకున్నారు. తేడా తెలుస్తోంది కదా? ఒకరి డాబా మీదున్న టెలిస్కోపు ఒక తరంతో ఆగిపోతుంది. అందరిదీ అయితే మిగులుతుంది.

అందరిదీ అని రాసుకున్నంత మాత్రాన కూడా చాలదు. మేము డిగ్రీ చదివిన ఒక కాలేజీలో టెలిస్కోపు ఉండేది. మూడేళ్ళలో దాన్ని మేము ఒక్కసారి చూశాం, తనిఖీ బృందం వచ్చిన రోజున. ఆ రోజు తుడిచి బల్ల మీద పెట్టారు, సాయంత్రానికి మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఒక రాత్రి ఇవ్వండి సార్" అని అడిగితే, "మీరు పాడు చేస్తారు" అన్నారు. అందులో ఆ "మీరు" అన్న తీరు మాకు ఇప్పటికీ గుర్తుంది.

రోహిత్ వేముల గురించి కూడా ఇక్కడ చెప్పాలి. గుంటూరు నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్ళి పరిశోధన చేస్తూ, 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. అతని గురించి సభల్లో చాలా మాట్లాడతాం. అయితే కార్ల్ సేగన్ లాగా సైన్సు రాసే రచయిత కావాలని అతను కోరుకున్నాడన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? మన పిల్లవాడికి న్యాయం కావాలి అని అడగడం ఎంత అవసరమో, మన పిల్లవాడు నక్షత్రాల గురించి రాయాలనుకున్నాడు అని గుర్తుంచుకోవడం కూడా అంతే అవసరమని మా అభిప్రాయం. ఒకటి మాత్రమే గుర్తుంచుకుంటే అతని కోరికలో సగం మనమే తుడిచేసినట్టు.

"ముందు కుళాయి నీళ్ళు రానీ, తర్వాత నక్షత్రాలు చూద్దాం" అనేవాళ్ళు ఉంటారు. పూర్వ విద్యార్థి అన్నల్లో కొందరు మాతో అన్నారు కూడా. అన్నలూ, మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నాం. కుళాయి కోసం అర్జీ పెట్టే చేతులే రాత్రి పటం గీయగలవు. కలిగినవాళ్ళ పిల్లలకు ఎవరూ ఈ వరస చెప్పరు. వాళ్ళ ఇళ్ళలో నీళ్ళూ ఉంటాయి, పుట్టినరోజుకు టెలిస్కోపూ వస్తుంది. మనకు మాత్రం ఒకటయ్యాకే ఇంకొకటి అంటే, ఆ రెండోది మన జన్మలో రాదు. మా ఇళ్ళలో డిగ్రీ చూసిన మొదటివాళ్ళం మేమే. అప్పులు తీరాకే చదివిద్దామని మా అమ్మలు ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదు.

కాబట్టి ఊరికే ఆవేశపడకుండా రెండు ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి. ఏటా వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులు ఇచ్చే డబ్బులో షీల్డులకీ, ఫ్లెక్సీలకీ పోయే భాగంతో ఒక టెలిస్కోపు కొందాం. ఒక మంచి సెల్‌ఫోను ఖరీదులో ఆరు అంగుళాలది వస్తుంది. దానికి బీరువా వద్దు. రిజిస్టరు పెడదాం, సంతకం పెట్టి తీసుకెళ్ళడమే. నిజం చెప్పాలంటే విశాఖ డాబా మీద నుంచి దానిలో సిల్వియా కనబడదు. కంటికి కనబడే ఆఖరి నక్షత్రం కంటే అది నూరు రెట్లకు మించి మసక. ఇక్కడ రేవు దీపాలు, స్టీలు ప్లాంటు వైపు ఎర్రటి ఆకాశం దాన్ని మింగేస్తాయి. కానీ గురుగ్రహం చంద్రులు కనబడతాయి, శని వలయం కనబడుతుంది. సెలవులకు పాడేరు వైపు సొంతూరు వెళ్ళే తమ్ముడు దాన్ని బస్సెక్కించుకుని తీసుకెళితే అక్కడి చీకట్లో సిల్వియా కోసం వెతకవచ్చు. మన ఊళ్ళకు కరెంటు తక్కువని బాధపడే మనకు ఈ ఒక్క విషయంలో అది లాభమే.

రెండు. టెలిస్కోపు వచ్చేలోగా కంప్యూటరు గది ఉంది. పెద్ద టెలిస్కోపులు తీసిన ఆకాశం ఫొటోలను విద్యార్థులకు ఉచితంగా పంపి, వాటిలో కదిలే చుక్కలను వెతికించే అంతర్జాతీయ కార్యక్రమం ఒకటి నడుస్తోంది. సూరత్‌లో ఇద్దరు స్కూలు అమ్మాయిలు 2020లో అలాగే ఒక గ్రహశకలాన్ని గుర్తించారు. పాగ్సన్ చేసిన పని కూడా అదే, ఏ చుక్క కదిలిందో చూడటం. అయిదుగురు జట్టుగా ముందుకు వస్తే నేర్పడానికి మేము సిద్ధం. ఆదివారం రాత్రి భోజనాల తర్వాత కూర్చుందాం.

పాగ్సన్ తన చివరి గ్రహశకలాన్ని 1885లో చూశాడు. ఆ తర్వాత మన దేశం నుంచి మరొకటి దొరకడానికి వందేళ్ళకు పైగా పట్టింది. 1988లో కావలూరు అబ్జర్వేటరీ నుంచి కనిపెట్టిన దానికి రామానుజన్ పేరు పెట్టారు. ఆ రామానుజన్ ఒకప్పుడు మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా. మన నాన్నల్లో కొందరు పనిచేసేదీ రేవులోనే, గుమాస్తాలుగా కూడా కాదు. కొత్త గ్రహశకలం పక్కాగా నమోదైతే పేరు సూచించే హక్కు కనిపెట్టినవాళ్ళకు ఉంటుంది. నవ్విన తమ్ముడూ, నువ్వు ఏ పేరు పెడతావో ఆలోచించుకో. ఆదివారం వచ్చి చెప్పు.